ఒక్క రోజు, రెండు కోటలు: మళ్లీ కట్టిన హ్వాసోంగ్ గోడ చుట్టూ నడవడం దండగేనా?

తెనాలి టు సియోల్:
అందరికీ నమస్తే. నవంబర్ మొదటి వారంలో అమ్మా నాన్నా సియోల్ వస్తున్నారు. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, కోటలంటే ఆయనకి ప్రాణం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, కానీ సమంగా ఉన్న దారైతే నెమ్మదిగా ఎంతసేపైనా నడుస్తుంది. అన్నీ పోను కోట చూడటానికి మాకు మిగిలింది ఒక్క రోజే. సియోల్‌కి దక్షిణాన సువాన్ ఊళ్లో ఉన్న హ్వాసోంగ్ కోట అనుకున్నాను. మా రూమ్మేట్ మాత్రం "అది 1970ల్లో మళ్లీ కట్టిన గోడ, సినిమా సెట్టింగుకీ దానికీ తేడా లేదు. అసలైన కోట చూపించాలంటే కొండ మీదున్న నామ్‌హాన్‌సాన్‌సోంగ్‌కి తీసుకెళ్లు" అంటున్నాడు. రెండూ చూసినవాళ్లు చెప్పండి. మళ్లీ కట్టిన కోట కోసం ఉన్న ఒక్క రోజునీ పెట్టొచ్చా?

కొండదారి:
మీ రూమ్మేట్ మాటే నాదీ. నామ్‌హాన్‌సాన్‌సోంగ్‌లో గోడ కొండ శిఖరాల మీదుగా పోతుంది, ప్రధాన గోడే దాదాపు 9 కిలోమీటర్లు ఉంటుంది. 1636 చలికాలంలో మంచూ సైన్యం ముంచుకొస్తే ఇన్జో రాజు అందులోకే చేరాడు. 47 రోజులు లోపలే ఉండి, తిండి అయిపోయి, చలికి సైనికులు కుప్పకూలుతుంటే చివరికి కిందికి దిగి సామ్‌జొన్‌డో రేవు దగ్గర శత్రురాజు ముందు మూడుసార్లు మోకరిల్లి తొమ్మిదిసార్లు నేలకి తల ఆనించాడు. ఆ గోడ మీద నిలబడి కింద ఇప్పటి సియోల్‌ని చూస్తుంటే, రాజు ఏ దారిన దిగి ఉంటాడో కళ్లకి కడుతుంది. సోషల్ మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి?

హ్వాసోంగ్ అంటారా, అందంగానే ఉంటుంది, కాదనను. కానీ దక్షిణ ద్వారం చుట్టూ బస్సులు తిరుగుతుంటాయి. గోడ అక్కడ తెగిపోయింది. ఆ కోట యుద్ధమనేదే చూడలేదు, అంటే కట్టిన కాలంలో. పైగా శరదృతువు రంగులు చూడాలంటే కొండ మీద చూడాలి గానీ ఊరి మధ్య ఏం చూస్తారు?

పాల్దాల్ వీధి:
నేను ఉండేదీ ఉద్యోగం చేసేదీ సువాన్‌లోనే. ఇక్కడ మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, సామ్‌సంగ్ క్యాంపస్‌లో పనిచేసేవాళ్లు, సుంగ్‌క్యున్‌క్వాన్ యూనివర్సిటీలో చదివేవాళ్లు. వాళ్లలో చాలామంది "ఏముందిరా, కొత్త గోడే కదా" అని ఆదివారం కూడా ఆ గోడ ఎక్కరు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1762లో యోంగ్జో రాజు కన్నకొడుకు సాదో యువరాజుని బియ్యప్పెట్టెలో పెట్టి మూత వేయించాడు. ఎనిమిది రోజులకి ఆ యువరాజు అందులోనే చనిపోయాడు. అప్పటికి పదేళ్లు కూడా నిండని అతని కొడుకే తర్వాత జోంగ్జో రాజయ్యాడు. 1789లో తండ్రి సమాధిని సువాన్ వైపు మార్పించి, 1794 నుంచి 1796 వరకు ఈ కోట కట్టించాడు. 1795లో తల్లి షష్టిపూర్తి కూడా సియోల్ అంతఃపురంలో కాకుండా ఇక్కడి రాజవిడిదిలోనే జరిపించాడు. తండ్రి విషయంలో ఇంత అన్యాయం చూసిన కొడుకు కట్టించిన ఊరు ఇది. మాస్టారికి చెప్పడానికి కథ లేదనడం మాత్రం కుదరదు.

ఇక "మళ్లీ కట్టారు" అనే మాటకి వద్దాం. కట్టిన మాట నిజమే. కొరియా యుద్ధంలో ఉత్తర ద్వారం జాంగాన్‌మున్ కూలిపోయింది, గోడలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి. 1975 నుంచి 1979 వరకు బాగుచేశారు. అయితే ఊహించి కట్టలేదు. కోట పూర్తయ్యాక 1801లో అచ్చువేసిన నిర్మాణ నివేదిక ఉంది, 'హ్వాసోంగ్ సోంగ్‌యోక్ ఉయిగ్వే' అంటారు. ఒక్కో బురుజు బొమ్మ, వాడిన రాయి, ఇటుక, కలప, ఇనుము, వాటి ధరలు, ఏ మేస్త్రీ ఎన్ని రోజులు పనిచేశాడు, ఎంత కూలి ఇచ్చారు, అన్నీ అందులో ఉన్నాయి. సగం రోజు పనిచేస్తే సగం కూలి లెక్క రాశారు. ఊళ్లో పెద్దోడు, చిన్నోడు అని పిలిపించుకునే మామూలు పనివాళ్ల పేర్లు కూడా రాజు పుస్తకంలోకి ఎక్కాయి. ప్రపంచంలో ఎన్ని కోటలకి ఇలాంటి రికార్డు ఉంది? 1997లో యునెస్కో జాబితాలో చేరేటప్పుడు పెద్ద బలంగా నిలిచింది ఈ పుస్తకమే.

రాతిపని:
పుస్తకం గొప్పదే. పుస్తకం గొప్పదైనంత మాత్రాన కొత్త రాయి పాతదైపోదు కదండీ. నాగార్జునకొండ సంగతి చూడండి. సాగర్ నీళ్లలో మునిగిపోతాయని తవ్వి తీసిన కట్టడాల్ని పైకి తరలించి మళ్లీ పేర్చారు. చోటు మారింది గానీ చాలావరకు ఆ ఇటుకా ఆ రాయీ నాటివే. హ్వాసోంగ్‌లో చోటు అదే, రాయి మాత్రం చాలాచోట్ల కొత్తది. నా మటుకు నాకు చోటు మారినా రాయి నాటిదైతేనే చరిత్రని ముట్టుకున్నట్టు ఉంటుంది. కూలిన చోట కూలినట్టే ఉంచి, పక్కన బోర్డు పెడితే ఇంకా నిజాయితీగా ఉండేది. 1950లలో ఆ గోడ పడ్డ దెబ్బ కూడా చరిత్రేగా? దాన్ని చెరిపేశారు.

పాల్దాల్ వీధి:
మంచి ప్రశ్న వేశారు. చెరిపేశారన్న మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. గోడ పక్కన బయటివైపు నడవండి, మీకే కనిపిస్తుంది. కింది వరసల రాళ్లు నల్లబడి, అంచులు అరిగి, ఒకదాని సైజుకీ ఇంకోదాని సైజుకీ పొంతన లేకుండా ఉంటాయి. వాటి పైన ఒక గీత గీసినట్టు తెల్లటి రాళ్లు మొదలవుతాయి. ఎక్కడిదాకా పాతది మిగిలిందో, ఎక్కడినుంచి కొత్తగా పేర్చారో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. కొన్నిచోట్ల పాత వరస మోకాలెత్తు దాటదు, కొన్నిచోట్ల తలెత్తి చూడాల్సి వస్తుంది. ఏ బోర్డూ ఇంతకంటే బాగా చెప్పదు.

అన్నీ కొత్తవి కూడా కావు. దక్షిణాన పాల్దాల్‌మున్, పడమట హ్వాసోమున్ యుద్ధాన్ని తట్టుకుని నిలిచినవే. హ్వాసోమున్ పక్కనున్న వాయవ్యపు బోలు బురుజు కూడా నాటిదే. ఇక కొత్తవాటి సంగతికొస్తే, కొండ మీది సోజాంగ్‌దే మండపం 2006లో ఎవరో నిప్పుపెడితే కాలిపోయింది, మళ్లీ కట్టారు. దక్షిణపు నీటి ద్వారం నామ్సుమున్ 1922 వరదకి కొట్టుకుపోతే 2012లో తిరిగి లేపారు. ఇవేవీ ఇక్కడ దాచిపెట్టరు.

కొండదారి గారూ, మీకొక మాట. నామ్‌హాన్‌సాన్‌సోంగ్‌లో మీరు చూపించబోయే రాజవిడిది కూడా ఈ మధ్య కట్టిందే కదా, 2012లోనే జనానికి తెరిచారు. గోడకీ అక్కడ మరమ్మతులు జరిగాయి. ఒకచోట మళ్లీ కట్టడం సెట్టింగు, ఇంకోచోట చరిత్ర ఎలా అవుతుంది?

కొండదారి:
విడిది కొత్తదే, ఒప్పుకుంటాను. నేను విడిది కోసం పొమ్మనడం లేదు, ఆ కొండ కోసం పొమ్మంటున్నాను. కొండని ఎవరూ మళ్లీ కట్టలేదు. ఏడో శతాబ్దంలో సిల్లా రాజ్యం వాళ్లు కోట కట్టిన చోటే 1624లో మొదలుపెట్టి రెండేళ్లలో ఇన్జో మళ్లీ కట్టించాడు. పనిచేసినవాళ్లలో బౌద్ధ సన్యాసులు చాలామంది. ఆ ఎక్కుడూ, ఆ ఎదురుగాలీ, ఆ పైన్ చెట్ల మధ్య దారీ నాటివే. 47 రోజుల ముట్టడి అంటే ఏమిటో కాళ్లకి తెలియాలంటే అక్కడే నడవాలి.

అన్నపూర్ణ:
మీరిద్దరూ రాజుల గురించి మాట్లాడుకుంటున్నారు, నేను ఆవిడ మోకాళ్ల గురించి మాట్లాడతాను. మా అత్తయ్యగారిని రెండుచోట్లకీ తీసుకెళ్లాను. నామ్‌హాన్‌సాన్‌సోంగ్‌కి మెట్రో 8వ లైన్‌లో సాన్‌సోంగ్ స్టేషన్ దిగి బస్సెక్కాలి. ఆకులు రంగు మారే రోజుల్లో, అందులోనూ శని ఆదివారాల్లో, ఆ ఘాట్ రోడ్డు మీద బస్సు కదలదు. నిలబడే వెళ్లాల్సి వస్తుంది. పైకి చేరాక ఉత్తర ద్వారం నుంచి పడమటి ద్వారం వైపు పోయే దారి బాగానే ఉంటుంది గానీ ఎత్తుపల్లాలు తప్పవు, దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది.

సువాన్‌కి 1వ లైన్‌లో కూర్చుని వెళ్లొచ్చు, సియోల్ స్టేషన్ నుంచి గంట పట్టొచ్చు. జాంగాన్‌మున్ దగ్గర మొదలుపెడితే తూర్పు ద్వారం దాకా దారి దాదాపు సమంగానే ఉంటుంది. మధ్యలో ఏడు కమానుల కిందనుంచి వాగు దూకే హ్వాహోంగ్‌మున్, దాని పక్కనే చెరువు మీదికి చూసే మండపం బాంగ్‌హ్వాసుర్యుజోంగ్. చెరువు గట్టు మీద కూర్చుని మా అత్తయ్యగారు గంటసేపు లేవలేదు. లాప్‌టాప్ బ్యాగుతో వచ్చినవాళ్లు, పెళ్లి ఫొటోలు తీయించుకునేవాళ్లు, స్కూలు పిల్లలు, ఊరంతా అక్కడే ఉంది. కాబట్టి నా ఓటు హ్వాసోంగ్‌కే. మొత్తం చుట్టాలనే పట్టుదల మాత్రం వద్దు.

తిండి సంగతి కూడా చెప్పనివ్వండి. సువాన్ అంటే కల్బీ (కాల్చిన పక్కటెముకల మాంసం), పాల్దాల్‌మున్ పక్క సందులో నూనెలో వేయించే కోడి. మాంసం ముట్టని పెద్దవాళ్లైతే ఇంట్లోనే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. కూరగాయలతో కలుపుకునే అన్నం బిబింబాప్‌లో మాంసం వద్దని చెప్పినా ఒక్కోసారి అందులో వేసే మిరప ముద్ద గోచుజాంగ్‌లోనే మాంసం కలిపి ఉంటుంది, ముందే అడగండి.

పాల్దాల్ వీధి:
అన్నపూర్ణ గారు అమ్మగారి గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మాస్టారిని మాత్రం పూర్తిగా చుట్టనివ్వండి. గోడ మొత్తం 5.7 కిలోమీటర్లే, ఆగి చూసుకుంటూ నడిచినా మూడు గంటలు. ఎందుకు పూర్తిగా అంటున్నానంటే, సగం నడిస్తే కోటే కనిపిస్తుంది. పూర్తిగా నడిస్తే గోడ తెగిన చోటు కూడా కనిపిస్తుంది. కొండదారి గారు లోపంగా చెప్పింది ఆ చోటే.

పాల్దాల్‌మున్‌కి రెండు వైపులా గోడ లేదు. ఆ జాగాలో అంగళ్లున్నాయి, చేపల బుట్టలు, దుప్పట్లు, పేగులో కూరి వండిన వేడివేడి సూన్దే. అక్కడ మళ్లీ గోడ కట్టాలా వద్దా అనే మాట సువాన్‌లో చాలాకాలంగా నలుగుతోంది. కట్టాలంటే అంగళ్లు తీసేయాలి. నేనైతే వద్దనే అంటాను. జోంగ్జో ఈ ఊరిని సైన్యం కోసమే కట్టలేదు. వ్యాపారులకి వసతులిచ్చి పిలిచాడు, వ్యాపారం పెరగాలని కోరుకున్నాడు. వెట్టిచాకిరీ చేయించకుండా కూలి ఇచ్చి కట్టించాడు. పదేళ్లు పడుతుందనుకున్న పని మూడేళ్లలోపే అయిపోయింది, పండితుడు జోంగ్ యాక్-యోంగ్ తయారుచేసిన కప్పీల యంత్రం గోజుంగ్గి అందుకు సాయపడింది. అలాంటి రాజు కట్టించిన ఊళ్లో సంతని తొలగించి గోడ పూర్తిచేస్తే, పుస్తకంలో బొమ్మ సరిపోతుంది గానీ ఆయన కోరుకున్నది పోతుంది.

యుద్ధం చూడలేదన్న మాటకి ఇంకొకటి. గోడ పైన పిట్టగోడలో వరసగా మూడేసి తుపాకీ రంధ్రాలుంటాయి. పక్కనున్న రెండింట్లోనుంచి చూస్తే దూరంగా ఊరు కనిపిస్తుంది. మధ్యదాంట్లోనుంచి చూస్తే సరిగ్గా గోడ మొదట్లో గడ్డి కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రంధ్రాన్ని కిందికి వాలుగా పెట్టారు. దూరంగా ఉన్నవాడికి రెండు, గోడెక్కడానికి వచ్చినవాడికి ఒకటి. మాస్టారిని వంగి ఒక్కొక్కదాంట్లోంచి చూడమనండి. ఇన్జో నామ్‌హాన్‌సాన్‌సోంగ్‌లో పడ్డ పాట్లు కట్టినవాళ్లకి తెలియనివి కావు. ఊరిని కాపాడుకోవాలంటే కొండెక్కి దాక్కోవడం చాలదు, ఊరికే గోడ ఉండాలన్న ఆలోచన ఈ కోటలో ఉంది. కాబట్టి ఆ 47 రోజుల కథ చెప్పుకోవాలన్నా ఇక్కడికి రావచ్చు.

రాతిపని:
సంత ఉండాలన్నదానికి నేనూ ఒప్పుకుంటాను. అయితే అదే న్యాయం మిగతా గోడకి ఎందుకు వర్తించదు? 1975కి ముందు ఆ గోడ పక్కన కూడా జనం ఇళ్లు కట్టుకుని బతికే ఉంటారు. గెలిచిన కట్టడాన్నే మనం చరిత్ర అంటున్నామేమో ఆలోచించండి.

పాల్దాల్ వీధి:
ఆలోచించాల్సిన మాటే. అందుకే గోడ లోపలివైపు హేంగ్‌గుంగ్ వీధి సందుల్లో కూడా తిరగమంటాను. గోడలకి బొమ్మలు వేసిన పాత పెంకుటిళ్లు, చిన్న టీ కొట్లు, అక్కడే పుట్టి ముసలివాళ్లైనవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాజవిడిదిదీ అదే కథ. జపాన్ పాలనలో అక్కడ ఆసుపత్రి పెట్టారు, విడిదిలో చాలా భాగం పోయింది. 2003లో మళ్లీ తెరిచారు. దేన్ని ఉంచాలి, దేన్ని తిరిగి కట్టాలి అన్నది ప్రతిచోటా విడిగా తేల్చుకోవాల్సిందే. అన్నిటికీ ఒకే సూత్రం పెట్టలేం.

తెనాలి టు సియోల్:
అందరికీ చాలా థ్యాంక్స్. హ్వాసోంగ్‌కే వెళ్తున్నాం, మంగళవారం. నాన్నకి ఈ చర్చంతా చదివి వినిపిస్తే "నల్ల రాళ్ల వరస చూడాలి" అన్నారు. ఆయన పూర్తిగా చుడతారు, అమ్మా నేనూ ఉత్తరం నుంచి తూర్పు దాకా నడుస్తాం. ఇక ఏ వైపునుంచి మొదలుపెట్టాలి?

పాల్దాల్ వీధి:
మాస్టారికైతే పాల్దాల్‌మున్ దగ్గర మొదలుపెట్టి పడమర వైపు ఎక్కమనండి. మెట్లు నిటారుగా ఉంటాయి గానీ కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఆ ఎక్కుడు అయిపోతుంది. పైన సోజాంగ్‌దే నుంచి ఊరంతా గోడతో సహా కనిపిస్తుంది. అక్కడినుంచి హ్వాసోమున్ వైపు దిగేటప్పుడు గోడ బయటి దారి పట్టమనండి. నవంబర్ మొదట్లో అటు రెల్లుగడ్డి లాంటి ఓక్సే తెల్లగా పూసి ఉంటుంది, మీరడిగిన పాత వరస రాళ్లూ ఆ దారిలోనే దగ్గరగా చూడొచ్చు. పదిన్నరకి మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటలోపు జాంగాన్‌మున్ దగ్గర మీరు కలుసుకోవచ్చు.

కొండదారి:
దారి విషయంలో మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. తూర్పున మొదలుపెట్టి సోజాంగ్‌దేని సాయంత్రానికి ఉంచండి. ఆ రోజుల్లో అయిదున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి అయిదింటికల్లా పైన ఉండాలి. మీ అమ్మగారికి అక్కడిదాకా రావాలనిపిస్తే గోడ మెట్లు కాకుండా రాజవిడిది వెనకనుంచి వచ్చే దారి ఉంది, అది కాస్త నయం. పైన గాలి కోసేస్తుంది, శాలువా మర్చిపోవద్దు. మళ్లీ వచ్చినప్పుడు మీ నాన్నగారిని నామ్‌హాన్‌సాన్‌సోంగ్‌కి నేనే తీసుకెళ్తాను, ఆ కొండ మీద ఈ వాదన ఆయనతో కొనసాగించాలని ఉంది.