ఫోస్టర్ పిల్లల ప్రత్యేక విద్య: ఆ సంతకం ఎవరు పెట్టాలి?

సుజాత

అమెరికాలో ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవారి దగ్గర కాకుండా ప్రభుత్వం ఏర్పాటు చేసిన వేరే చోట ఉంటూ, ప్రత్యేక విద్య అవసరమైన ప్రతి బిడ్డకూ ఒక విద్యా ప్రతినిధిని, అంటే చదువు విషయంలో తల్లిదండ్రుల బదులు నిర్ణయాలు తీసుకునే మనిషిని, నియమించి తీరాలా? ఫోస్టర్ తల్లిదండ్రులు ఉన్నారు కదా, వాళ్లు చాలరా? మా టీచర్లలోనే దీని మీద రెండు వర్గాలున్నాయి. నియమించి తీరాలన్నదే నా మాట.

ఐఈపీ అంటే ఆ బిడ్డకు బడి ఏమేమి ఇవ్వాలో రాసుకునే ప్రణాళిక. తల్లిదండ్రుల స్థానంలో ఒకరు కూర్చుంటేనే అది సరిగ్గా నడుస్తుంది. మొదటిసారి సేవలు మొదలుపెట్టడానికి వారి సమ్మతి కావాలి. బడి నిర్ణయం తప్పనిపిస్తే విచారణ కోరే హక్కు కూడా వారిదే. కన్నవారి ఆచూకీ తెలియని పిల్లలకు, ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలకు ఇలాంటి ప్రతినిధిని (చట్టం మాటల్లో ‘సరోగేట్ పేరెంట్’) పెట్టాలని ప్రత్యేక విద్యపై 1975లో వచ్చిన కేంద్ర చట్టంలోనే ఉంది. అవసరమని తేలిన 30 రోజుల్లోగా నియామకం జరిగేలా చూడాలని 2004 సవరణలో చేర్చారు. ప్రభుత్వ సంరక్షణలోని బిడ్డకు జడ్జి కూడా నియమించవచ్చు. బడి ఉద్యోగి ఆ స్థానానికి అర్హులు కారు. బిడ్డ సంరక్షణ చూసే సంస్థ ఉద్యోగి కూడా కారు, అంటే కేస్ వర్కర్ సంతకం చెల్లదు.

ఇప్పుడు మీటింగ్ గదిలోకి రండి. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా జీతానికి వచ్చినవాళ్లే. పోయినసారి కాగితంలో స్పీచ్ థెరపీ వారానికి 60 నిమిషాలు అని ఉంటుంది. ఈసారి 30. ‘ఏ పరీక్ష చూసి తగ్గించారు?’ అని నిలదీయడానికి ఎవరూ ఉండరు. టీచర్‌గా నేను అడుగుతాను, అడిగాను కూడా. కానీ నేను బడి ఉద్యోగిని. నా అభ్యంతరానికి తల్లి అభ్యంతరానికున్న బలం చట్టంలో లేదు.

రమణమూర్తి

సుజాత గారూ, మేము ఫోస్టర్ తల్లిదండ్రులం. మీ ఆవేదన అర్థమైంది, మందుతోనే నాకు పేచీ. రాష్ట్ర చట్టం అడ్డు చెప్పకపోతే ఫోస్టర్ పేరెంట్‌ను కూడా కేంద్ర చట్టం తల్లిదండ్రుల కిందే లెక్కిస్తుంది. మరి బయటి మనిషి దేనికి?

మా దగ్గరున్న బాబు భోజనాల గదికి వెళ్లిన ప్రతిసారీ చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. బడివాళ్లు దాన్ని మొండితనమని రాశారు. గంట మోగకముందే, గది ఖాళీగా ఉన్నప్పుడు తీసుకెళ్తే నిమ్మళంగా తింటాడని కనిపెట్టింది మా ఆవిడ. అంతకుముందు వేరే బిడ్డకు నియమించిన ప్రతినిధి వచ్చి, పేజీలు తిరగేసి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఆ పాప ముఖమైనా చూడలేదు. అలాంటి సంతకం వల్ల బిడ్డకు ఒరిగిందేమిటి?

లలిత

మీరిద్దరూ కన్నతల్లిని మరిచిపోయారు. బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లినంత మాత్రాన ఆమె హక్కులు పోవు. చాలా కేసుల్లో మొదటి లక్ష్యం బిడ్డను తిరిగి ఆమె దగ్గరికి చేర్చడమే. ఆమె ముందుకొస్తే తల్లిగా మొదటి స్థానం ఆమెదే, కోర్టు ఆ అధికారం తీసేస్తే తప్ప. ‘ప్రతి బిడ్డకూ ప్రతినిధి’ అని నియమం పెడితే ఆమె కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టినట్లే.

మీటింగ్‌కు రాలేదు కాబట్టి పట్టించుకోదని రాసేస్తారు. పని మానుకుని రాలేకపోయిందేమో ఎవరైనా కనుక్కున్నారా? రాలేని తల్లిదండ్రులను ఫోన్‌లోనైనా కలుపుకోవాలని నిబంధనల్లోనే ఉంది. ముందు ఆ ఫోన్ చేయండి, తర్వాత నియామకాల సంగతి మాట్లాడదాం.

వేణు

నాదొక సందేహం. 2013లో వచ్చిన చట్టంతో బడి రికార్డులు కన్నవారి అనుమతి లేకుండానే శిశు సంక్షేమ శాఖకు అందుతున్నాయి. కేస్ వర్కర్ అన్నీ చూడగలిగినప్పుడు ఇంకో మనిషి కావాలా?

సుజాత

వేణు గారూ, ఫైలు చూడటం వేరు, నిర్ణయం తీసుకోవడం వేరు. ఆ చట్టం మొదటిదే ఇచ్చింది.

లలిత గారూ, తల్లి అందుబాటులో ఉండి, కోర్టు ఆమె హక్కును తగ్గించకపోతే ప్రతినిధి అక్కర్లేదు. ‘ప్రతి బిడ్డకూ’ అన్న నా మాటను అక్కడికి సవరించుకుంటాను. కానీ తల్లి కోసం వెతుకుతున్నామంటూ నెలలు గడిపేస్తే నష్టపోయేది బిడ్డే. చదవడం నేర్చుకోవాల్సిన వయసు ఎవరి కోసమూ ఆగదు.

రమణమూర్తి గారూ, మీ ఇల్లు లాంటి ఇల్లు దొరకని పిల్లల సంగతి చెప్పండి. సిబ్బంది నడిపే వసతి గృహంలో, అంటే గ్రూప్ హోమ్‌లో ఉన్న పిల్లవాడికి ఫోస్టర్ తండ్రి ఎక్కడున్నాడు? అక్కడి సిబ్బంది ఆ సంస్థ ఉద్యోగులు కాబట్టి వారికి అర్హత లేదు. నేను పనిచేసే కాలిఫోర్నియాలో, కన్నవారి విద్యాహక్కును కోర్టు పరిమితం చేస్తేనే ఫోస్టర్ పేరెంట్‌కు ఆ స్థానం వస్తుంది. అలా పరిమితం చేసినప్పుడు విద్యాహక్కులు ఎవరివో కోర్టు చెప్పాలి. దానికి జేవీ-535 అని ప్రత్యేకంగా ఫారం ఉంది.

ఇంకొకటి. రేపు బాబు ఇల్లు మారితే మీ అధికారం అక్కడితో సరి. అదే రాష్ట్రంలో కొత్త బడికి వెళ్తే, పాత ఐఈపీలో ఉన్నవాటికి సమానమైన సేవలు వెంటనే ఇవ్వాలి. సమానమో కాదో తేల్చాలంటే పాత బడిలో ఏం జరిగేదో తెలిసినవారు ఉండాలి. గంటకు ముందే భోజనానికి తీసుకెళ్లాలన్నది ఐఈపీలో రాయించారా? రాయకపోతే కొత్త బడిలో మళ్లీ బల్ల కిందకే వెళ్తాడు. ఇల్లు మారినా మారని మనిషి ఒకరు కావాలంటున్నది అందుకే.

రమణమూర్తి

రాయించాం, గొడవపడి మరీ. గ్రూప్ హోమ్ పిల్లల విషయంలో మీతో నాకు తగువు లేదు. వాళ్లకు ప్రతినిధి లేకపోవడం అన్యాయమే. ప్రతినిధికి తగిన పరిజ్ఞానం ఉండాలని చట్టం అంటుంది, సరే. సంతకానికి ముందు బిడ్డను కలిసి మాట్లాడాలని, ఆ బిడ్డను చూసుకునేవారితోనూ మాట్లాడాలని కూడా ఉండాలి. ఈ షరతు లేకుండా నియామకాల సంఖ్య పెంచితే ఫైళ్లు మాత్రమే నిండుతాయి.

సుజాత

ఆ షరతుకు నేనూ ఓటేస్తాను. మరి ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు? బాబు తరఫు లాయరుతో మాట్లాడండి. ఇల్లు మారినా కొనసాగేలా మీ పేరుతో ఉత్తర్వు ఇవ్వమని జడ్జిని కోరవచ్చు. బిడ్డ తెలిసినవారికే చట్టబలం దక్కుతుంది.

రమణమూర్తి

వచ్చే విచారణకు ముందు అడుగుతాను. కానీ లలిత గారు చెప్పిన ఫోన్ ఇంతవరకూ ఎవరూ చేయలేదు. వాళ్లమ్మను మీటింగ్‌కు ఫోన్‌లో కలపమని రేపు బడికి రాతపూర్వకంగా అడుగుతున్నాను. ఆమె వస్తానంటే నా పేరు పెట్టవద్దనే చెబుతాను.