పాత కారులో మీటర్లు మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దింపాల్సిందేనా?

పాతబండి: నాది 1968 మోడల్ బ్రిటిష్ కారు. ఈ మధ్య పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఎక్కువ చూపిస్తున్నాయి. సగం ట్యాంకుకే ముల్లు ఫుల్ దాకా పోతోంది. స్పీడోమీటర్ ముల్లయితే వణుకుతూనే ఉంటుంది. మూడూ కొత్తవి వేద్దామనుకుంటున్నా. మెకానిక్ డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలంటున్నాడు. మా తమ్ముడేమో కింద నుంచి చెయ్యి పెడితే చాలంటాడు. ఎవరి మాట వినాలి?

విప్పుడుకాయ: మెకానిక్ మాటే వినండి. అంత పాత వైర్ల పైతొడుగు పెళుసుగా ఉంటుంది, కాస్త వంచితే రాలిపోతుంది. నేను కింద పడుకుని, కనపడని వైరుని గుంజాను. అది ఇగ్నిషన్ వైరు! పొగ వచ్చింది. బ్యాటరీ టెర్మినల్ తీయకపోవడం నా తప్పే, కాదనను. కానీ డ్యాష్‌బోర్డు బయట ఉంటే ఏ వైరు ఎక్కడికి పోతుందో కళ్లారా చూసి, చీటీ అంటించి, ఫొటో తీసుకోవచ్చు. స్టీరింగ్ కాలమ్‌ని, అంటే స్టీరింగ్ చక్రం ఉన్న కడ్డీని, పట్టి ఉంచే క్లాంపు బోల్టులు వదులు చేసి కాలమ్‌ని కిందికి దించితే సగం పని అయినట్టే.

నట్టుబోల్టు: ఆ సగం తర్వాత మిగిలిన సగం సంగతి కూడా చెప్పండి మరి. పైన వినైల్ ఎండకు ఎండి అప్పడంలా ఉంటుంది. దింపేటప్పుడు పగలకపోతే ఎక్కించేటప్పుడు పగులుతుంది. ఆ కాలపు మీటర్లు చాలావరకు వెనక ఒక యు ఆకారపు పట్టీ, వేళ్లతో తిప్పే నట్లతో బిగించి ఉంటాయి. అవి తీస్తే మీటరు ముందు వైపుకే వచ్చేస్తుంది. స్పీడోమీటర్‌కైతే ముందు దాన్ని నడిపే కేబుల్ నట్టు విప్పాలి. దీనికి డ్యాష్‌బోర్డు దింపడమంటే పన్ను నొప్పికి తల తీయించుకోవడమే.

మసిచేతులు: ఎలా విప్పాలని కొట్టుకుంటున్నారు సరే, అసలు మీటర్లు పోయాయని ఎవరు చెప్పారు? రెండు ముళ్లు ఒకేసారి ఎక్కువ చూపిస్తే ముందు అనుమానించాల్సింది వోల్టేజ్ స్టెబిలైజర్‌ని. డ్యాష్‌బోర్డు వెనక చిన్న రేకు డబ్బాలా ఉంటుంది. ఆ రెండు మీటర్లకూ సగటున 10 వోల్టులు అందేలా చూడటం దాని పని. దాని ఎర్త్, అంటే అది కారు బాడీకి తగిలే చోటు, తుప్పు పడితే లోపలి కాంటాక్టులు తెరుచుకోవు, బ్యాటరీ వోల్టేజీ అంతా నేరుగా మీటర్లకు పోతుంది. కొత్త మీటర్లు వేసినా అదే కథ. పైగా కొత్త మీటరు ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచి మీటరుకి చెప్పే సెండర్‌తో సరిపోకపోతే మరో తలనొప్పి. స్పీడోమీటర్ వణుకు చాలాసార్లు కేబుల్ ఎండిపోవడం వల్లో, ఎక్కడో మరీ వంగడం వల్లో వస్తుంది. లోపలి తీగ తీసి పలుచగా గ్రీజు రాయండి. మీటరు వైపు చివర కొంత మేర పొడిగా వదిలేయండి, లేకపోతే గ్రీజు మీటర్లోకి ఎక్కుతుంది.

విప్పుడుకాయ: స్టెబిలైజర్ మాట ఒప్పుకుంటాను, నాకు తట్టలేదు. అయినా అదీ ఉన్నది డ్యాష్‌బోర్డు వెనకే కదా సార్!

నట్టుబోల్టు: ఒక్క స్క్రూ అండీ, ఒక్క స్క్రూ. దానికీ దింపుతారా?

మసిచేతులు: స్పీడోమీటర్ మార్చాల్సి వస్తే మాత్రం పాతదాని డయల్ మీద, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చూడండి. మైలుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెబుతుంది. కొత్తదాని మీద వేరే అంకె ఉంటే వేగం తప్పు చూపిస్తుంది. ఆయిల్ ప్రెషర్ మీటరుకి సన్నటి గొట్టం వస్తుంటే దాన్ని అస్సలు వంచొద్దు, అందులో ఉండేది ఇంజిన్ ఆయిలే. విప్పితే జాయింటులోని బుల్లి తోలు వాషర్ జారిపోకుండా చూసుకోండి. నాది కార్పెట్ కిందకి పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

పాతబండి: బ్యాటరీ తీసి, కింద నుంచే ఆ స్క్రూ విప్పి, స్టెబిలైజర్ ఎర్త్ తగిలే చోటుని గరుకు కాగితంతో రుద్దాను. పెట్రోల్ ముల్లు సగానికి దిగింది, టెంపరేచర్ కూడా మామూలుకొచ్చింది. కేబుల్‌కి గ్రీజు పెట్టినా స్పీడోమీటర్ వణుకు మాత్రం తగ్గలేదు. అయితే టార్చి వేసినప్పుడు ఇంకోటి కనిపించింది: హెడ్‌లైట్ స్విచ్ దగ్గర రెండు వైర్ల రాగి బయటపడి ఉంది.

విప్పుడుకాయ: నేనేం మాట్లాడను. క్లాంపు బోల్టులకు ఇప్పుడే నూనె వేసి పెట్టండి.

నట్టుబోల్టు: వైర్ల కోసమైతే దింపండి. మీటర్ల కోసం కాదు, అది గుర్తుపెట్టుకోండి.