అప్‌డేట్: మ్యూజియంలో చూసిన ఆ పాత మడత విసనకర్ర గురించి

మొన్న అడిగాను కదా, 18వ శతాబ్దం నాటి ఇటలీ మడత విసనకర్ర, చేత్తో వేసిన వెసూవియస్ అగ్నిపర్వతం బొమ్మ ఉన్నది, అది పెట్టిన గదిలో లైట్ ఎందుకంత తక్కువ, బొమ్మ వేసింది కాగితం మీదేనా అని. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్, మళ్లీ వెళ్లి అక్కడ పాత వస్తువులు పాడవకుండా చూసుకునే కన్జర్వేటర్ మేడమ్‌నే అడిగేశాను.

కాగితం కాదంట, బాగా పల్చగా చేసిన జంతు చర్మం, దాని మీద గవాష్ రంగులు, అంటే కిందిది కనపడనివ్వని చిక్కటి నీటిరంగులు. ఈసారి దగ్గరగా చూస్తే లావా ఎరుపు మధ్యలో సన్నటి తెల్ల గీతలు కనిపించాయి, అవి మడతల అంచులు, తెరిచి మూసిన ప్రతిసారీ అక్కడే రంగు పగిలి రాలిపోతుందంట, అందుకే ఇప్పుడు దాన్ని అస్సలు మూయకుండా మడతలకి సరిపడా చేసిన స్టాండ్ మీద పడుకోబెట్టారు. పైగా తేమ మారితే చర్మం ఒకలా, ఏనుగు దంతం పుల్లలు ఇంకోలా సాగి ముడుచుకుంటాయి, రెండూ అతుక్కున్న చోట లాగుడు పడుతుంది. నాకు అన్నిటికంటే భయమేసింది ఇదే.

లైట్ సంగతి మీరు చెప్పిందే కరెక్ట్, లైట్ ఎక్కువైతే రంగు వెలిసిపోతుంది, ఇలాంటివాటికి మామూలుగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, వెలిసిన రంగు మళ్లీ రాదు కాబట్టి.

అప్పట్లో ఇంగ్లండ్ నుంచి ఇటలీ టూర్‌కి వెళ్లిన డబ్బున్నోళ్లు ఇలాంటివి గుర్తుగా కొనుక్కెళ్లేవాళ్లు. ఇంకా చూడాలనుకునేవాళ్లకి లండన్ గ్రీనిచ్‌లో 1991 నుంచి విసనకర్రలకే ఒక మ్యూజియం ఉంది, నా తర్వాతి ప్లాన్ అదే.