టెక్సాస్‌లో అమ్మకి పౌరసత్వ రుజువు అడుగుతూ నోటీసు, ఏం పంపాలి?

అందరికీ నమస్కారం. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. అమ్మకి 2021లో అమెరికా పౌరసత్వం వచ్చింది, తర్వాత రెండుసార్లు ఓటు కూడా వేసింది. మొన్న కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది. 30 రోజుల్లో పౌరసత్వానికి రుజువు పంపకపోతే ఓటరు జాబితాలోంచి పేరు తీసేస్తారట. ఉత్తరం మీద తేదీ చూస్తే అప్పుడే తొమ్మిది రోజులు పోయాయి. అమ్మేమో గుంటూరులో ఉంది, ఇప్పట్లో రాదు.

డ్రైవింగ్ లైసెన్స్ గ్రీన్ కార్డు రోజుల్లో తీసుకున్నది, ఆ రికార్డు మార్చలేదు. గొడవ అక్కడే అని నా అనుమానం. 2019లో ఇక్కడ ఇలాగే లైసెన్స్ రికార్డులు చూసి దాదాపు 95 వేల మందిని అనుమానించారు. చాలామంది పౌరులే అని తేలి, కోర్టు కేసుల తర్వాత వెనక్కి తగ్గారు. 2025 అక్టోబరులో ఫెడరల్ ప్రభుత్వం పౌరసత్వం, వలస వివరాలు సరిచూసే 'సేవ్' డేటాతో పోల్చి మళ్ళీ 2,724 పేర్లు కౌంటీలకు పంపారు.

పాస్‌పోర్ట్ అమ్మ దగ్గరుంది. వాట్సాప్‌లో పంపిన ఫోటో ప్రింట్ తీసి ఇస్తే ఒప్పుకుంటారా? పౌరసత్వ సర్టిఫికెట్ ఇక్కడే లాకర్లో ఉంది కానీ, అనుమతి లేకుండా కాపీ తీయడం నేరమని దాని మీదే రాసుంది. జిరాక్స్ తీయాలంటే చెయ్యి రావట్లేదు (నవ్వకండి). పైగా ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక.

నోటీసుకి అమ్మ బదులు నేను జవాబివ్వొచ్చా? గడువు దాటాక రుజువు చూపించి పేరు మళ్ళీ ఎక్కించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎన్నాళ్ళు పట్టింది?