ఎక్స్‌ఎంఎల్ వ్యూ నుంచి టేబుల్స్‌ను మార్చనివ్వాలా?

టేబుల్‌రాయుడు: మా డేటాబేస్‌లో పుస్తకాలు ఒక టేబుల్‌లో, ప్రచురణకర్తలు మరో టేబుల్‌లో ఉన్నారు. ప్రతి పుస్తకం లోపల ప్రచురణకర్త కనిపించేలా ఎక్స్‌ఎంఎల్ వ్యూ కట్టారు, అంటే టేబుల్స్‌లోని డేటాను ట్యాగులతో చెట్టులా చూపించే తెర. చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు అప్‌డేట్లు కూడా దాని మీదనే కావాలట. నేను ఒప్పుకోను.

చెట్టుకొమ్మ: ఎందుకు? డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి ఎక్స్‌ఎంఎల్ 2003లోనే వచ్చింది. ఎక్స్‌ఎంఎల్‌లో వెతికే భాష ఎక్స్‌క్వెరీలో అప్‌డేట్ సదుపాయం 2011లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ త్రీ సీ సిఫార్సు అయింది. ఇంకా భయమేనా?

టేబుల్‌రాయుడు: ఆ సిఫార్సు ఎక్స్‌ఎంఎల్‌ను ఎలా మార్చాలో చెబుతుంది. అడుగున ఏ రికార్డు మారాలో చెప్పదు. ఒకే ప్రచురణకర్త నలభై పుస్తకాల కింద కనిపిస్తాడు, టేబుల్‌లో ఉన్నది ఒక్క రికార్డే. ఒకచోట పేరు దిద్దితే మిగతా ముప్పై తొమ్మిది చోట్లా మారుతుంది. ఒకచోట తొలగిస్తే? పుస్తకం రికార్డులో ప్రచురణకర్తను సూచించే ఫారిన్ కీని ఖాళీ చేయాలా, ప్రచురణకర్తనే తుడిచేయాలా?

నిశాచరి: ఎక్స్‌ఎంఎల్ ఇంకా బతికే ఉందా?

చెట్టుకొమ్మ: తిరగేసి కట్టండి రాయుడు గారూ. ప్రచురణకర్త పైన, ఆయన కింద పుస్తకాలు. రికార్డులను గుర్తించే కీలు వ్యూలోనే ఉంచితే ఒక్కో కొమ్మకు ఒక్కో రికార్డు.

టేబుల్‌రాయుడు: రచయితల సంగతి? ఒక పుస్తకానికి ఇద్దరు, ఒకరికి పది పుస్తకాలు. ఎటు తిరగేసినా ఎవరో ఒకరు పదిచోట్ల తేలతారు.

పాతకాపు: మామూలు వ్యూల మీద అప్‌డేట్ల గురించి డేటాబేస్ పరిశోధకులు దయాల్, బెర్న్‌స్టెయిన్ 1982లోనే రాశారు. ఇక్కడ చిక్కు అదే, పైన ట్యాగులు తగిలించారు.

చెట్టుకొమ్మ: ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గరు, అంటే వ్యూ మీద వచ్చిన మార్పుకు బదులుగా నడిచే కోడు, రాస్తే తీరిపోతుంది.

టేబుల్‌రాయుడు: రాశారు! ఒక పుస్తకం కింద ప్రచురణకర్తను తీసేస్తే ఆ ట్రిగ్గరు అసలు రికార్డునే తుడిచింది. కాస్కేడ్, అంటే ఒక రికార్డు పోతే దాన్ని సూచించేవీ పోవాలన్న నియమం, ఉంది కాబట్టి ఆయన పుస్తకాలన్నీ పోయాయి. బ్యాకప్ నుంచి తెచ్చేసరికి తెల్లవారింది.

చెట్టుకొమ్మ: కాస్కేడ్ పెట్టింది ఎవరు?

టేబుల్‌రాయుడు: నేనే. అది వేరే విషయం.

చెట్టుకొమ్మ: అదే అసలు విషయం! మీ కోపం ఎక్స్‌ఎంఎల్ మీద కాదు, మీ టేబుల్స్‌లో పరాయి చెయ్యి పడుతోందని. మీలాంటి ఒకాయన ఒక్క కాలమ్ చేర్చడానికి నన్ను మూడు వారాలు తిప్పించుకున్నారు.

టేబుల్‌రాయుడు: అవును, పరాయి చెయ్యి వద్దనే అంటున్నాను. అర్ధరాత్రి నిద్ర లేపేది నన్ను కదా! డేటాబేస్‌లో నడిచే రెండు ప్రొసీజర్లు ఇస్తాను: ఒకటి పుస్తకం నుంచి ప్రచురణకర్తను విడదీయడానికి, ఒకటి ప్రచురణకర్తనే తొలగించడానికి. ఏది కావాలో నోరు తెరిచి అడగండి.

చెట్టుకొమ్మ: వాటినే ట్రిగ్గరు పిలుస్తుంది.

టేబుల్‌రాయుడు: డిలీట్ అని మాత్రమే వస్తే, రెండింటిలో దేన్ని?

చెట్టుకొమ్మ: విడదీసేదాన్ని. వ్యూ వివరణలో రాసి పెడతాను.

టేబుల్‌రాయుడు: పక్కనే మీ ఫోను నంబరు కూడా రాయండి.