బరంపురం నుంచి: మోటార్ న్యూరాన్ జబ్బు పరిశోధనకు చందా ఇచ్చేటప్పుడు ఏం రాయించుకోవాలి?

నమస్కారమండీ. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్లం కలిసి మోటార్ న్యూరాన్ జబ్బుకు (కండరాల్ని కదిలించే నరాల కణాలు క్షీణించే జబ్బు) మందులు వెతికే ల్యాబుకు 3 లక్షలు పోగుచేస్తున్నాం. 2023లో అమెరికాలో అనుమతి దొరికిన టోఫెర్సెన్ అనే మందు సాడ్1 జన్యులోపం ఉన్న కొద్దిమందికే పనికొస్తుంది. ఎక్కువమందికి ఇప్పటికీ 1995 నాటి రిలుజోల్ మందే.

కొత్త మందుల్ని పరీక్షించేందుకు రోగి రక్తకణాల్ని మూలకణాలుగా మార్చి, వాటినుంచి న్యూరాన్లు (నరాల కణాలు) పెంచడానికి నెలలు పడుతుంది. ఒక్కసారి మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకితే ఆ పళ్లేలన్నీ పారబోయడమే. అందుకే కణాల్ని పెంచే పోషక ద్రవం (మీడియం)తోపాటు ఆ పరీక్షల ఖర్చూ, కణాల్ని రోజూ చూసుకునే మనిషి జీతమూ బడ్జెట్లో ఉండాలనుకుంటున్నాం.

నగదు 2000 దాటితే పన్ను మినహాయింపు రాదు కాబట్టి చెక్కులే తీసుకుంటున్నాం.

సంస్థ ఓవర్‌హెడ్ (కరెంటు, ఆఫీసు లాంటి ఉమ్మడి ఖర్చులు) కింద ఎంత కోతకు ఒప్పుకోవచ్చు? విడతలవారీగా ఇస్తామంటే ల్యాబులు సరేనంటాయా? ఇలాంటి ఒప్పందం రాయించినవాళ్లుంటే దయచేసి చెప్పండి.