70,800 కోచింగ్ ఫీజు: టిఫిన్ సెంటర్‌కి గిట్టుబాటేనా?

పద్దుపుస్తకం:
ఆరు నెలల బిజినెస్ కోచింగ్, ఫీజు 60,000. కోచ్‌కి జీఎస్టీ నంబరు ఉంటే మీద 18 శాతం, వెరసి 70,800. ఒక మామూలు టిఫిన్ సెంటర్ ఈ డబ్బు పెట్టొచ్చా? పెట్టకూడదని నా వాదన.

నమూనా లెక్క ఇదీ. అద్దె 18,000, మాస్టర్ జీతం 22,000, హెల్పర్ 12,000, కరెంటు 4,000, యజమాని కష్టానికి జీతం 25,000. మొత్తం నెలకు 81,000. చివరి పద్దు చాలామంది రాయరు, అందుకే లేని లాభం ఉన్నట్టు కనిపిస్తుంది. పన్ను పోను సగటు ప్లేటు 50. అందులో సరుకు, గ్యాస్, ప్యాకింగ్ 27, మిగిలేది 23. నెలకు 26 రోజులు తెరిస్తే, రోజుకు 136 ప్లేట్లు పోతేనే ఖర్చులకు సరిపోతుంది. ఫీజు ఏడాదిలో రాబట్టాలంటే రోజూ ఇంకో 10 ప్లేట్లు అమ్మాలి. 5 శాతం పన్ను కట్టే హోటల్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి ఆ 10,800 జీఎస్టీ కూడా చేతి నుంచి పోయినట్టే.

ఇడ్లీరేకు:
పద్దుపుస్తకం గారూ, మీ లెక్క సరైనదే, కానీ అమ్మకం వైపే చూశారు. 27ని 25 చేసి చూడండి. రోజుకు 136 చొప్పున ఏడాదికి 42,432 ప్లేట్లు. ప్లేటుకు 2 రూపాయలు మిగిలితే 84,864. ఒక్క ప్లేటు అదనంగా అమ్మకుండానే ఫీజు వచ్చేసింది.

ఆ 2 రూపాయలు ఎక్కడ పోతున్నాయంటారా? దోసెకు 90 గ్రాముల పిండి అనుకుంటే కిలోకు 11 దోసెలు. మాస్టర్ గరిటె 110 గ్రాములు ఎత్తితే వచ్చేవి 9. పొద్దున పది గంటలు దాటాక మిగిలిన కొబ్బరి చట్నీ సాయంత్రానికి పులుస్తుంది, పారబోస్తారు. ఎండాకాలంలో రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగి పులిసిపోతుంది. రుబ్బే వేళ మార్చాలి, లేదా సగం పిండి ఫ్రిజ్‌లో పెట్టాలి. గల్లా దగ్గర కూర్చున్న యజమానికి ఇవేవీ కనపడవు. పొద్దున ఆరు నుంచి పది దాకా పెనం పక్కన తూకం పట్టుకుని నిలబడే కోచ్‌కి కనపడతాయి.

పద్దుపుస్తకం:
అలా నిలబడే కోచ్ ఎవరండీ? 999 రూపాయల వీకెండ్ వెబినార్, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపు, ఆ తర్వాత పెద్ద ఫీజు. పెనం దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ. గరిటె తూచడానికి కోచ్ ఎందుకు? వారం రోజులు పారేసే బకెట్ తూచి కాగితం మీద రాసుకుంటే చాలదూ?

మగ్గంమాట:
రాసుకుంటే చాలు, నిజమే. రాయరు కదా, చిక్కంతా అక్కడే. ముంబయి దగ్గరి బట్టల మిల్లుల మీద ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. కొన్ని మిల్లులకు నెల రోజులు లోపాలు చూపించి వదిలేశారు. మిగతావాటికి ఆ నెలకు తోడు ఇంకో నాలుగు నెలలు కన్సల్టెంట్లు దగ్గరుండి చేయించారు. లోపాలు చూపించి వదిలేసిన చోట మార్పు కొద్దిగానే వచ్చింది. దగ్గరుండి చేయించిన చోట తొలి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఏం చేయాలో చెప్పడం ఒక ఎత్తు, చేసేదాకా వెంటపడటం ఇంకో ఎత్తు. డబ్బు రెండోదానికే ఇవ్వాలి.

పద్దుపుస్తకం:
అవి వందల మంది పనిచేసే మిల్లులండీ. సలహా వాళ్ళకు ఉచితం, ఖర్చు పరిశోధకులు పెట్టుకున్నారు. ఇద్దరు పనివాళ్ళున్న కొట్టుకి ఆ ఫలితం అంటగట్టకండి.

ఉప్పుటేరు:
మరీ పెద్ద మిల్లులే అక్కర్లేదు. మన కాకినాడ చూడండి. 1960ల మధ్యలో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం కాకినాడ చిన్న వ్యాపారులను హైదరాబాద్‌లోని స్మాల్ ఇండస్ట్రీ ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్ళి, పట్టుదల పెంచే శిక్షణ ఇచ్చింది. యూసుఫ్‌గూడలోని నేటి జాతీయ ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) సంస్థ అదే. శిక్షణ పొందనివాళ్ళతో పోలిస్తే పొందినవాళ్ళు తర్వాత వ్యాపారంలో ఎక్కువ చురుగ్గా కదిలారు. అయితే ఒక మెలిక ఉంది. నిర్ణయం తమ చేతిలో ఉన్నవాళ్ళలోనే మార్పు గట్టిగా కనపడింది. గల్లా తాళం నాన్నగారి దగ్గర ఉంటే కొడుకుని కోచింగ్‌కి పంపి ఏం లాభం? ఫీజు కట్టే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ఇదే.

కారప్పొడి:
పట్టుదల మాట సరే, తప్పుడు సలహా సంగతేమిటి? దేశంలో బిజినెస్ కోచ్‌కి లైసెన్సు అక్కర్లేదు. "ఉద్యం తీసుకోండి, బాకీ 45 రోజుల్లో వస్తుంది" అని అందరికీ ఒకే పాఠం చెప్తుంటారు. ఉద్యం అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్. కారం మిల్లు పట్టి సూపర్‌మార్కెట్‌కి సరఫరా చేసే తయారీదారుకు ఆ రక్షణ ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే, ఉంటే గరిష్ఠంగా 45. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. అదే కారం కొని అమ్మే వ్యాపారికి ఉద్యం ఉన్నా ఈ రక్షణ లేదు. అతనికి ఉద్యం పనికొచ్చేది బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్య రంగం (బ్యాంకులు తప్పనిసరిగా కొంత అప్పు ఇవ్వాల్సిన రంగాలు) వెసులుబాటు వరకే. ఈ తేడా తెలియని కోచ్‌ని నమ్మి సరుకు అరువిస్తే మునిగేది వ్యాపారే. చట్టం, పన్ను ఆడిటర్‌ని అడగండి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, దానికీ ఫీజు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

ఇడ్లీరేకు:
ఒప్పుకుంటాను. అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలి. మొదటి నెల ఫీజు మాత్రమే ముందు ఇవ్వాలి. ఆ నెలలో ఇంటి డబ్బు, కొట్టు డబ్బు వేరే ఖాతాల్లోకి రావాలి, ప్లేటు ఖర్చు తేలాలి. రాకపోతే అక్కడితో ఆపేయాలి. నెలకు రెండుసార్లయినా కోచ్ కొట్టుకి రావాలి, జూమ్ లెక్కలోకి రాదు.

మగ్గంమాట:
పెరిగిన అమ్మకంలో శాతం ఇస్తామంటే? కోచ్‌కీ బాధ్యత ఉంటుంది కదా.

పద్దుపుస్తకం:
అది మాత్రం అస్సలు వద్దు. అమ్మకం పెంచడానికి తేలిక దారి డిస్కౌంటు. ప్లేటుకు 6 రూపాయలు తగ్గించారనుకోండి, 23 కాస్తా 17 అవుతుంది. అదే 81,000 రాబట్టడానికి రోజుకు 136 చాలేది, ఇప్పుడు 184 ప్లేట్లు పోవాలి. 170 అమ్మితే కోచ్‌కి శాతం ముడుతుంది, కొట్టుకి నష్టం. శాతమే ఇవ్వాలనుకుంటే సరుకు ఖర్చులో మిగిల్చిన దాని మీద ఇవ్వండి. అదీ మూడు నెలల కొనుగోలు బిల్లులు చూశాకే.